అక్కా నేనూ ఒకే టెంట్‌లో

మే 17, శనివారం. సారి అనే ఊరు

హిమాలయాల్లో కొండ మొదటికి చేరాం. నడక రేపటి నుంచి.

ఒక టెంట్ నాకూ అక్కకీ. పక్క టెంట్‌లో అక్క కూతురు స్వాతి, ఇంకో అమ్మాయితో. ఇది స్వాతి పనే. రైల్లో ఢిల్లీ దాకా వాళ్ళమ్మకీ నాకూ మధ్య కూర్చుని వచ్చింది. ఇప్పుడు తీరిగ్గా లేచి వెళ్ళిపోయింది. "ఇద్దరికి ఒకటే ఇస్తారంట పిన్నీ, నేనేం చెయ్యను?" నవ్వు దాచుకోవటం కూడా రాదు దానికి.

అక్క తన సంచీ తెచ్చి సరిగ్గా మధ్యలో పెట్టింది. గట్టు వేసినట్టు.

ఆరేళ్ళు. వాటాలప్పుడు బోరు మావైపు పడింది, ఆ ఏడే వాళ్ళ మిరప ఎండింది. అన్నదమ్ములు మాట మానేశారు. వాళ్ళతోపాటు తోడికోడళ్ళమూ. పద్నాలుగేళ్ళు ఒకే పొయ్యి మీద వండినవాళ్ళం.

బావగారికి మోకాలు వాచి ఆగిపోతే ఆ చోటు నాకిచ్చింది స్వాతి. మా ఆయన వద్దనలేదు. "పిల్ల అడిగిందిగా" అన్నారు, అంతే.

నరసింహస్వామీ, చంద్రశిల శిఖరం కొస దాకా ఎక్కించకపోయినా ఫర్వాలేదు. దిగేలోపు అక్కతో ఒక్క మాట మాట్లాడించు.

సాయంత్రం గైడు సోహన్ అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఒంటిని అంటుకునే బట్ట నూలుది ఉండకూడదట. చెమటకి తడిస్తే ఆరదు, గాలి తగిలితే మనిషిని చంపుతుంది అన్నాడు. స్వాతి తెలుగులో చెప్పింది. అక్క స్వాతితోనే అంది — "పత్తి పండించి బతికేవాళ్ళకి పత్తి చంపుతుందని చెప్పటానికి ఇంత దూరం తీసుకొచ్చావా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క నావైపు చూసి నవ్వు ఆపేసింది.

మే 18, ఆదివారం. దేవరియా తాల్ చెరువు

ఎక్కుడే ఎక్కుడు. రొప్పు. పది అడుగులకోసారి గోవింద నామం.

తెల్లవారి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఒంటిమీద ఉతికిన నూలు బట్ట లేకపోతే నాకు కుదరదు. స్వాతి కొన్న ఆ సాగే చొక్కా వేసుకుని స్వామి ముందు నిలబడలేను. అందుకని లోపల నేత జాకెట్టు, పైన అది. ఎవరికీ చెప్పలేదు. వాదించటం నాకెప్పుడూ చేతకాలేదు — సరే అని తలూపి, నా పని నేను చేసుకుంటాను.

తోవలో అక్క: "స్వాతీ, మీ పిన్నికి చెప్పు, ఆ నీళ్ళ సీసా ఇటిమ్మని." నేను చెయ్యి చాస్తే అందే దూరంలో ఉన్నాను.

"అమ్మా, పిన్నికి తెలుగొచ్చుగా."

సీసా ఇచ్చాను. తీసుకుంది.

టెంట్‌లో స్వాతి ఉండదు. అక్క గాలితో మాట్లాడుతోంది. "ఈ జిప్పు ఎవరన్నా వేస్తే బాగుండు. చలిగాలి కొడుతోంది." లేచి వేశాను. కాసేపటికి — "లైటు కూడా." తీసేశాను. చీకట్లో నవ్వు ఆపుకోలేక స్లీపింగ్ బ్యాగ్‌లోకి తల దూర్చాను.

మే 19, సోమవారం

అడవిలో రోజంతా. ఎర్రపూల చెట్లు, పూలన్నీ రాలి తోవంతా ఎరుపు. కల్లంలో మిరప ఆరబోసినట్టుంది అనుకున్నాను. సరిగ్గా అప్పుడే అక్క స్వాతితో అదే మాట అంది.

భోజనంలో రొట్టెలు, చప్పటి పప్పు. అక్క కారప్పొడి డబ్బా తీసి ఇద్దరి కంచాల మధ్య పెట్టింది. నేను వేసుకునేదాకా మూత పెట్టలేదు.

మాట లేదు. కానీ మూత పెట్టలేదు.

మే 20, మంగళవారం

చెయ్యి ఇంకా వణుకుతోంది. అక్షరాలు వంకర. అయినా రాయాలి.

పొద్దున చలి ఎక్కువగా ఉందని జాకెట్టు మీద ఇంకో జాకెట్టు వేశాను. రెండూ నూలువే. ఎక్కుతుంటే చెమట. గట్టు మీదకు చేరేసరికి వడగళ్ళు, గాలి. సోహన్ అందరినీ ఒక బండ చాటున కూర్చోబెట్టాడు. కూర్చోగానే మొదలైంది. ముందు పళ్ళు, తర్వాత చేతులు. బొట్టనవేలు ఎక్కడుందో తెలియలేదు. స్వాతి ఏదో అడుగుతోంది. జవాబు నోట్లోనే ముద్దయిపోతోంది. ఎట్లా దిగానో తెలియదు, సోహన్ ఒక రెక్క, స్వాతి ఒక రెక్క.

టెంట్‌లో పడుకోబెట్టారు. స్వాతి వేడినీళ్ళ కోసం పరుగెత్తింది. అక్క నా చొక్కా పైకి లాగింది. లోపల చూసింది. చెయ్యి పెట్టి పిండింది, నీళ్ళు కారాయి.

"ఏమే, నీకు బుద్ధుందా?"

ఆరేళ్ళ తర్వాత మొదటి మాట.

"ఒకటి కాక రెండా? వాడు అంత చెప్పినా? పత్తి ఏరి ఏరి వేళ్ళు పగిలినదానివి, మంచుకి తడిసిన పత్తి ఎంత బరువో, ఎంత చల్లనో తెలియదటే నీకు? తడి పత్తిని వ్యాపారి కూడా ముట్టుకోడు, నువ్వు గుండెలకి కట్టుకుని కొండెక్కుతున్నావు."

అంటూనే జాకెట్లు విప్పింది. తన ఉన్ని చొక్కా తీసి నాకు తొడిగింది. అరచేతులు, అరికాళ్ళు రుద్దుతూనే ఉంది. తిడుతూనే ఉంది.

"దే... దేవుడికి..." అన్నాను.

"దేవుడు నిన్ను అడిగాడా, నూలు కట్టుకుని చావమని? నోరు మూసుకుని ఇటు జరుగు."

మధ్యలో సంచీని కాలితో అవతలికి తోసింది. నన్ను దగ్గరికి లాక్కుంది. నాకు కన్నీళ్ళు. చలికి అనుకుంది. కాదు. అంత చలిలో అంత నిశ్చింత నేనెన్నడూ ఎరగను.

మే 21, బుధవారం. చోప్తా

విశ్రాంతి. మిగతావాళ్ళు అడవి చూడటానికి వెళ్ళారు. నా వేలికి ఊపిరి చూసే మిషన్ పెట్టి చూసి, సాయంత్రం మళ్ళీ చూసి చెప్తానన్నాడు సోహన్. రేపు పైకి పంపుతాడో లేదో. నాకు ఆ బెంగ లేదు. నేనడిగింది స్వామి ఇచ్చేశాడు.

రోజంతా మాటలు. ఆరేళ్ళవి. అత్తగారి తద్దినం రెండిళ్ళలో విడివిడిగా పెట్టటం. "గారెలు నాకు సరిగ్గా రావు, ఆమెకి తెలుసు, నీ ఇంటికే వచ్చి తినిపోయుంటది" అంది అక్క. నవ్వి నవ్వి దగ్గు. అక్కకి గర్భసంచి ఆపరేషన్ అయిందట. రెండేళ్ళ క్రితం. అదే వీధిలో ఉండి నాకు తెలియదు. ఆసుపత్రికి ఎవరు తోడున్నారని అడిగాను. "ఎవరుంటారు" అంది.

సాయంత్రం సోహన్ మళ్ళీ చూశాడు. వెళ్ళొచ్చన్నాడు. నూలు లేదని అక్క స్వయంగా కాలరు పట్టి చూసి మరీ చెప్పింది అతనికి. తెలుగులోనే. అర్థమైంది.

మే 22, గురువారం

చంద్రశిల ఎక్కాను.

వెలుగు రాకముందే బయలుదేరాం. తుంగనాథుడి గుడి దాటి ఇంకా పైకి. చివరి ఎక్కుడు నిట్టనిలువు, మంచు మీద కాలు నిలవదు. అక్క నా ముందు. నేను ఆగితే వెనక్కి చూడకుండానే ఆగుతుంది. మళ్ళీ నా అడుగు విని కదులుతుంది.

పైన చిన్న గుడి, గంట, రాళ్ళు. అటు మంచు కొండలు వరసగా, ఎండ తగిలి ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. దణ్ణం పెట్టుకున్నాను. స్వాతి చొక్కాతోనే. స్వామి ఏమీ అనుకోలేదు.

అక్క ఒక రాయి మీద కూర్చుంది. నేను పక్కన. గాలి హోరు. అక్క అంది — "ఇంటికెళ్ళాక ఎట్లాగే?"

"ఏమో అక్కా."

"మీ బావ సంగతి నీకు తెలుసు. మీ ఆయన సంగతి నాకు తెలుసు."

తెలుసు.

దిగేటప్పుడు తుంగనాథుడి దర్శనం. ఇద్దరం ఒకే పళ్ళెంలో పూలు పెట్టాం. పూజారి గోత్రం అడిగాడు. ఇద్దరం ఒక్కసారే చెప్పాం. ఒకటే కదా.

మే 23, శుక్రవారం

దిగుడు. మోకాళ్ళు పోయాయి. అక్క పాడుతోంది, శ్రుతి లేకుండా. ఎంత బాగుందో.

మే 26, సోమవారం. రైలు

విజయవాడ దాటాం. అక్క మాటలు తగ్గాయి. తెనాలి దగ్గర జడ విప్పి మళ్ళీ అల్లుకుంది. చీరాల దాటాక లేచి ఎదుటి సీటుకి మారింది. స్వాతి ఇద్దరినీ చూసి కిటికీ వైపు తిరిగింది.

ఒంగోలు. ప్లాట్‌ఫారం ఈ కొసన మా ఆయన, ఆ కొసన బావగారు. అక్క తన సంచీ తీసుకుని నడిచింది. వెనక్కి చూడలేదు. కొండమీద కూడా చూసేది కాదు, కానీ ఆగేది.

తప్పు పట్టను. ఆమె బతికే ఇల్లు అది. దర్శి దాకా ఆయన ప్రయాణం గురించి అడుగుతూ వచ్చారు. మంచు గురించి చెప్పాను. అక్క గురించి ఆయన అడగలేదు.

మే 27, మంగళవారం

నిద్ర. అన్నం. నిద్ర.

మే 29, గురువారం

వీధిలో అక్క ఎదురైంది. పక్కన బావగారు. తల వంచుకుని పోయింది. నేనూ అంతే. అయినా లోపల ఆ పాత రాయి లేదు. చేతులు రుద్దిన ఆ వేడి నాకు తెలుసు. అది ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

మే 31, శనివారం

పొద్దున పాలు పోసి వస్తున్నాను. అక్క వాకిలి ఊడుస్తోంది. బావగారు అరుగు మీద పేపరు చూస్తున్నారు. నేను ఎప్పటిలాగే అవతలి పక్కకి జరిగాను.

"ఏమే రమా, మోకాళ్ళు తగ్గినయ్యా?"

వీధి వీధంతా వినేటట్టు. పాలకేంద్రం దగ్గర ఆడవాళ్ళు తిరిగి చూశారు. అక్క చీపురు పట్టుకుని నిలబడి నావైపే చూస్తోంది. మొహం పాలిపోయింది. కానీ కదల్లేదు.

నా గొంతు పక్కగదికి కూడా వినపడదని ఇంట్లో అందరూ అంటారు. "కుడిది ఇంకా లాగుతోందక్కా" అన్నాను. మా ఇంటి దాకా వినపడాలనే అన్నాను.

"ఉప్పు కాపడం పెట్టు."

"పెడతా."

వచ్చేసరికి ఆయన గుమ్మంలో ఉన్నారు. విన్నారు. నేను లోపలికి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చాను. ఆయన గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగలేదు.

"అన్నయ్య ఏమన్నా అన్నాడా?"

ఆరేళ్ళుగా 'వాళ్ళు' తప్ప ఇంకో మాట రాలేదు ఆయన నోట.

"ఏం అనలేదండి. పేపరు చూస్తున్నారు."

"చూస్తున్నాడా, చూస్తున్నట్టున్నాడా?"

"పేజీ తిప్పలేదు" అన్నాను.

కాఫీ చల్లారిపోయాక ఒక్క గుక్కలో తాగారు. చొక్కా వేసుకుని బయటికి వెళ్ళారు. పొలానికైతే ఎడమకి తిరగాలి, అక్కావాళ్ళ ఇంటికైతే కుడికి. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. గుమ్మంలోకి వెళ్ళి చూడలేదు.