పెద్దక్షరాల ఫోర్ట్రాన్

6 ఫిబ్రవరి 1973, బోధన్

ఈరోజు చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చెరుకు రసం పరీక్ష రిపోర్టు మొత్తం పాత అలవాటు కొద్దీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే రాశాను. అది చూసి ల్యాబ్ అటెండర్ రాజన్న బెదిరిపోయాడు.

"టెలిగ్రామ్ లెక్కుంది సార్. మీ ఇంట్ల ఎవలన్న కాలం జేసిండ్రా?"

నవ్వి చెప్పాను. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోసం నేర్చుకున్న భాష ఫోర్ట్రాన్. ఫార్ములా, ట్రాన్స్‌లేషన్ అనే రెండు మాటల ముందు ముక్కలు అతికించి ఆ పేరు పెట్టారు. కంప్యూటర్‌కు ఇచ్చే కార్డులకు కన్నాలు కొట్టే మిషన్‌లో చిన్నక్షరాలు ఉండవు, అందుకే ఆ పేరు కూడా అన్నీ పెద్దక్షరాలే.

"మరి గది తెలిసినోళ్లు ఈడ ఎవలున్నరు సార్?"

నేనొక్కడినే అనలేక, కడిగిన గాజు గొట్టాన్నే మళ్లీ కడిగాను.

రూముకు వచ్చి ఆ పేరు తెలుగులో రాసి చూశాను. మన అక్షరాల్లో పెద్దవీ చిన్నవీ లేవు కదా. ఎప్పుడో వదిలి వచ్చిన ఊరి పేరులా ఉంది.