అయితే ఇప్పుడేం చేద్దాం?

చిరంజీవి సౌభాగ్యవతి మా ఇంటావిడకి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నువ్వు వదిలి వెళ్ళిన మల్లె కుండీ. అక్కడ నువ్వూ, మీ అన్నయ్యా వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"అడిగినవాటికి జవాబు చెప్పండి, తలా తోకా లేకుండా రాయకండి" అన్నావు కదా, అలాగే చెప్తాను. మల్లెకి నీళ్ళు పోస్తున్నాను. పోసీ పోసీ వేళ్ళు కుళ్ళాయో ఏమో, ఆకులు రాలుతున్నాయి. వంటింటి తలుపు కిర్రుమనడం మానేసింది, అదొక్కటీ సవ్యంగా చేశాను. భోజనం హోటల్లోనే. బక్కచిక్కానా అంటే, బెల్టుకి కొత్త కన్నం పొడిచాను.

ఫోన్ చెయ్యలేదు. చెయ్యొద్దన్నది నువ్వేగా. ఫోన్లో నువ్వు సగం చెప్పేలోగానే "అయితే ఇప్పుడేం చేద్దాం?" అని అడ్డుపడతాననీ, ఉత్తరమైతే చివరిదాకా చదవక చస్తానా అనీ అన్నావు. చదివాను. అక్కడ నువ్వు చేరిన బడివాళ్ళు నీ ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారనీ, సోమవారం సంతకం పెట్టాలనీ, పెడితే ఇక ఇటు వచ్చేది లేదనీ చదివాను. మళ్ళీ చదివితే ఏమన్నా మారుతుందేమోనని మళ్ళీ చదివాను. అందుకే ఇది కొరియర్లో పంపిస్తున్నాను, ఆలోగా అందాలని.

"మీ ఆఫీసులో మనసుకి కూడా మార్కులేస్తున్నారట, మీకెన్ని?" అని వెటకారం చేశావు. చెప్తాను, నవ్వుకో. ఆమధ్య ఒకావిడ లిఫ్టులో ఇరుక్కుంది. లోపలి ఫోన్లో ఏడుస్తూ "ఊపిరాడట్లేదండీ, చచ్చిపోతానేమో" అంది. "లిఫ్టులో గాలికి లోటుండదమ్మా, పైన కన్నాలుంటాయి, బటన్లు నొక్కకండి" అన్నాను. అబద్ధం చెప్పానా? లేదే! కాసేపట్లోనే బయటికి తీశాను కూడా. ఆవిడ తిన్నగా మా మేనేజరు దగ్గరకెళ్ళి, మీ మెకానిక్‌తో కన్నా లిఫ్టు గోడతో మాట్లాడ్డం నయం అంది. దాంతో ఆయన నన్ను ఎమోషనల్ ఇంటెలిజెన్స్ క్లాసులకి తోలాడు. ఆ పేరు పలకడానికే నా నోరు తిరగలేదు.

ముందొక పరీక్ష, తరవాత క్లాసులు, ఆఖర్న మళ్ళీ పరీక్ష. మొదటిసారి నాకు వందకి ముప్పై ఒకటి. క్లాసు చెప్పే మేడమ్‌ని అడిగాను: "లిఫ్టు ఎంత మోస్తుందో చూడాలంటే ఇనప దిమ్మలు పెడతామండీ. ఇక్కడ దిమ్మలేవీ?" ఆవిడ నవ్వి, మీ జవాబులేనండీ అంది. "మరి జవాబులు బట్టీ పడితే మనసు బాగుపడినట్టేనా?" అన్నాను. "పరీక్షలో కొంతే తెలుస్తుందండీ. బాగుపడిందో లేదో ఇంట్లోవాళ్ళని అడగాలి" అంది. ఇంట్లోవాళ్ళు!

ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి మేడమ్ నేర్పిన మాటలు ఇంటి ఓనరావిడ మీద ప్రయోగించాను. నీళ్ళ మోటారు ఆపలేదని ఆవిడ చిందులేస్తుంటే, "మీకు కోపంగా ఉన్నట్టు నాకనిపిస్తోందండీ" అన్నాను. "అనిపించడమేంటయ్యా, ఉంది!" అని తలుపు ధడాలున వేసుకుంది. ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటోంది. మోటారు మాత్రం నేనే ఆపాను.

రెండో పరీక్షలో డెబ్బై ఎనిమిది వచ్చింది. నిజంగానే! మేనేజరు భుజం తట్టాడు. ఆ కాగితం నీకు పంపించి, "చూశావా, బాగుపడ్డాను, వచ్చెయ్" అందామనుకున్నాను. ఈ ఉత్తరం మొదట అలాగే రాశాను. రాసి, చింపేశాను.

ఎందుకంటే ఆ మార్కులు నావి కావు. పరీక్షలో ఏ ప్రశ్నకీ నేనేం చేస్తానని ఆలోచించలేదు. మా ఆవిడైతే ఏమంటుంది అనుకుంటూ టిక్కులు పెట్టుకుంటూ పోయాను. పక్కింటి పిల్ల ఫెయిలైనప్పుడు నువ్వేం మాట్లాడావు, మా అన్నయ్య అలిగినప్పుడు ఎలా దారిలోకి తెచ్చావు, అవన్నీ గుర్తుకు తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళూ పేపరు వెనకాల మొహం పెట్టుకుని అవన్నీ చూశానని అక్కడే తెలిసింది. ఏం లాభం, చూచిరాతేగా!

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం చెయ్యి ఆగిపోయింది. "మీకు దగ్గరివారి తల్లి చనిపోయారు. మీరు మొదట ఏం చేస్తారు?" కింద నాలుగు జవాబులు.

అత్తయ్య పోయిందని మీ అన్నయ్య ఫోన్ చేసిన పొద్దున, నువ్వు వంటింట్లో నేలమీద కూలబడిపోయావు. పాలు పొంగుతున్నాయి. నేనొచ్చి స్టవ్ ఆపాను. "అయితే ఇప్పుడేం చేద్దాం?" అన్నాను. నువ్వు తలెత్తి నావైపు చూశావు. నేను బస్సు ఎప్పుడుందో కనుక్కోవడానికి వెళ్ళిపోయాను. కర్మకాండలయ్యాక నువ్వు నాతో తిరిగి రాలేదు.

ఆ ప్రశ్నకి నీ జవాబేంటో నాకు తెలీలేదే. అన్నిటికీ తెలిసింది, దానికి తెలీలేదు. పక్కన కూచోవాలా, పట్టుకోవాలా, ఏడవనివ్వాలా, నోరు మూసుకోవాలా? ఆరోజు నీకేం కావాలో నేను అప్పుడూ అడగలేదు, తరవాతా అడగలేదు. దాన్ని ఖాళీగా వదిలేసి లేచి వచ్చేశాను.

సంతకం పెట్టొద్దని అననులే. ఏ మొహం పెట్టుకుని అంటాను? కానీ భయంగా ఉందే. పనిలో స్పానరు జారి పడుతోంది. ఇంటికొచ్చి తాళం తీసి, గుమ్మంలోనే నిలబడిపోతున్నాను. మార్కులు పెరగడం కాదు, నేను పెరిగానో లేదో చెప్పగలిగేది నువ్వొక్కదానివే. నువ్వు రాకపోతే ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలీదు.

ప్రతిదానికీ "చేద్దాం" అనేవాణ్ణి. అడిగేదీ నేనే, లేచేదీ నేనే, స్క్రూడ్రైవరు పట్టుకుని పోయేదీ నేనే. ఆ మాటలో నువ్వు కూడా ఉన్నావని నాకెప్పుడూ తట్టలేదు. ఈసారి లేవబోతే కాళ్ళు రావట్లేదు, పట్టుకోవడానికి పనిముట్టూ లేదు. నిజంగా తెలీకే అడుగుతున్నాను.

అయితే ఇప్పుడేం చేద్దామే?

ఇట్లు,
లేచి వెళ్ళిపోకుండా కూచుని, నీ జవాబు కోసం చూస్తున్న
మీ ఆయన