ఇద్దరికే తెరుచుకునే ఫోల్డర్

7 జూలై, సోమవారం

నిన్నటి ఆన్‌లైన్ గ్రాండ్ టెస్ట్ పేపర్ పరీక్షకు ముందే వాట్సాప్‌లో తిరిగిందట. దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచ్ అంతా ఒకటే గోల. మా కోచింగ్ డైరెక్టర్ గంగాధరరావు గారు నన్ను పిలిచి, ఇది ఆ ఫిజిక్స్ ఆనంద్ కుమార్ పనేనమ్మా, ముందతని లాగిన్ తీసెయ్ అన్నారు. తీసేశాను. సిస్టమ్ అడ్మిన్‌ని కదా, చెప్పింది చేయాలి.

సాయంత్రం

చేశాక చూశాను, బుద్ధి లేనిదాన్ని. ఆనంద్ సార్‌ని ఉగాదికి ఎల్బీ నగర్ బ్రాంచ్‌కి మార్చినప్పుడే పేపర్ల ఫోల్డర్ గ్రూపులోంచి తీసేశాం. ఆయనకు ఆ ఫోల్డర్ కనిపించను కూడా కనిపించదు. అన్ని సబ్జెక్టులూ కలిపిన ఫైనల్ పేపర్ తెరిచే పర్మిషన్ ఇద్దరికే ఉంది. డైరెక్టర్ గారికి, నాకు.

8 జూలై

ఆనంద్ సార్ ఫోన్ చేశారు. గా ఫోల్డర్ మొఖం సూడక ఎన్ని నెలలాయె సాధనా, నా పేరెందుకు ఖరాబ్ చేస్తుండ్రు అన్నారు. ఇక్కడ దొంగ అనిపించుకుంటే మలక్‌పేట దాకా ఏ కోచింగూ తీసుకోదు.

చూస్తాను సార్ అన్నాను. ఆయన కాదని చెబితే మిగిలేది మేమిద్దరం. డైరెక్టర్ గారు తనను తాను అనుమానించుకోరు కదా. భయంగా ఉంది.

9 జూలై

అన్నం సయించలేదు. అమ్మకు చెప్పాను. నిజం చెప్పు బిడ్డా, గని జర పైలం, నీ నౌకరీతోనే ఇల్లు నడుస్తున్నది అంది.

10 జూలై

అసలు తప్పెక్కడుందో నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. డైరెక్టర్ గారి పాస్‌వర్డ్ ఆయన కారు నంబరు. సంఖ్యాశాస్త్రం చెప్పే ఆయనెవరో చూసి ఇచ్చిన నంబరట, మార్చితే కలిసిరాదట. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. బయట ఉన్నప్పుడల్లా ఫ్రంట్ ఆఫీసుకి ఫోన్ చేసి, నా మెయిల్ తెరవండమ్మా, మన కారు నంబరే కొట్టండి అంటారు. ఆ కారేమో ఆయన ఆఫీసులో ఉన్నంతసేపూ గేటు ముందే. పిల్లలు దానికి ఆనుకుని సమోసాలు తింటారు.

పేపర్ తీసింది ఎవరైనా కావచ్చు. ఆనంద్ సార్ మాత్రమే అని ఎట్లా అంటాం?

11 జూలై

చేసేశాను.

స్టాఫ్ మీటింగ్‌లో డైరెక్టర్ గారు ఆనంద్ సార్‌ని తీసేస్తున్నామని చెప్పబోతుంటే లేచాను. సార్, ఒక్క నిమిషం అన్నాను. ఫ్రంట్ ఆఫీస్ కంప్యూటర్‌ని పెద్ద స్క్రీన్‌కి కలిపి, డైరెక్టర్ గారి లాగిన్ తెరిచి, కిటికీలోంచి కింద కారు చూసి, పాస్‌వర్డ్ దగ్గర నంబర్ ప్లేటు మీద ఉన్నది ఉన్నట్టు కొట్టాను. వచ్చే ఆదివారం పేపర్ అందరి ముందూ తెరుచుకుంది.

ఎవరూ నవ్వలేదు. మ్యాథ్స్ శ్రీకర్ సార్ మాత్రం దగ్గారు. డైరెక్టర్ గారి ముఖం కందగడ్డ అయింది. సరేనమ్మా, ఆ ఆనంద్ లాగిన్ ఇచ్చెయ్ అన్నారు. అక్కడే ఇచ్చేశాను. ఇంటికి వచ్చాక చాలా ఏడ్చాను, సంతోషమో భయమో తెలియలేదు.

14 జూలై, సోమవారం

ఆనంద్ సార్ క్లాసుకు వెళ్ళారు. పాస్‌వర్డ్ మారలేదట, కారుకి కవర్ కప్పించారు.

నా లాగిన్ పనిచేయడం లేదు. దాన్ని తీసేయగలిగేది మేమిద్దరమే. నేను తీసేయలేదు.