ఓటు లేనివారికే రమ్ము పానకం

వర్జీనియా, కొండ దిగువ సర్వే గుడారం
1761 మే 2

నాయనమ్మకు మనవడు ఏంబ్రోస్ నమస్కరించి రాసేది.

ప్రతినిధుల సభకు మన కౌంటీ ఎన్నిక ఈ నెల ఇరవైన జరుగుతుంది. కల్నల్ థర్లో మీద నేను నిలబడ్డాను. భూముల కొలత మధ్యలో వదిలి రాలేను కాబట్టి నా తరఫున నువ్వే చూసుకోవాలి. అంటే, మన పానశాల తలుపులు బార్లా తీసి వచ్చినవారికల్లా రమ్ము పానకం పోయించాలి. మన వాళ్లకు గొంతు తడవనిదే పేరు పలకదు. ఎవరు ఎటువైపని అడగకు. ధారాళంగా ఉండు.

నీ మనవడు
ఏంబ్రోస్ పెట్టిగ్రూ

తా.క. ధారాళం అంటే నీ కొలత కాదు, తాతయ్య కొలత.

మే 6

చిరంజీవి ఏంబ్రోస్‌ను నాయనమ్మ హెస్టర్ దీవించి రాసేది.

చట్టం తీసి రెండుసార్లు చదివాను. ఎన్నిక ప్రకటన వెలువడ్డాక పోటీదారు ఓటరుకు చుక్క పోయించినా ఆ ఎన్నిక చెల్లదు. నువ్వేమో పోయించమన్నావు. రెండూ నిలిచే దారి ఒకటే కనిపించింది. ఓటు లేనివారికి పోయిస్తున్నాను. నిన్న నలభైముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. నిమ్మరసం, పంచదార, జాజికాయ ఏదీ తగ్గించలేదు. తమ మగవాళ్ల గురించి వాళ్లు చెప్పిన సంగతులు రాయడానికి కాగితం చాలదు.

ఓటున్నవాళ్లను, అంటే భూమి ఉన్న మగవాళ్లను, గుమ్మంలోనే ఆపేశాను. వందెకరాల ఇజికియెల్ క్రౌచ్ ఒక్క గుక్క పొయ్యమని బతిమాలాడు. ఇరవయ్యో తేదీ దాటాక రమ్మన్నాను.

ఆశీస్సులతో
నాయనమ్మ

తా.క. క్రౌచ్ సాయంత్రం పెళ్లాం టోపీ పెట్టుకుని మళ్లీ వచ్చాడు. టోపీ బాగానే కుదిరింది. మూడురోజుల గడ్డమే కుదరలేదు.

మే 9

నాయనమ్మకు నమస్కారాలు.

నా కొంప ముంచావు. ఆ చట్టాన్ని అందరూ చదువుతారు, ఎవరూ పాటించరు. కల్నల్ తోటలో పీపాలు దొర్లుతున్నాయట. నువ్వేమో నాకు ఓటు వేయాల్సిన వాళ్ల గొంతులు ఎండబెట్టి, వాళ్ల పెళ్లాలకు పోయిస్తున్నావు. ఈసారి ఓడితే ఇక ఈ కౌంటీలో నా పేరు ఎవరూ తలవరు. దయచేసి రేపటి నుంచి భూమి ఉన్న మగవాళ్లకు పోయించు. క్రౌచ్‌కు రెండు గిన్నెలు.

కంగారులో ఉన్న
ఏంబ్రోస్

తా.క. చదవగానే ఈ ఉత్తరం కాల్చెయ్యి.

మే 13

చిరంజీవి ఏంబ్రోస్‌కు దీవెనలు.

నీ పేరుతో ఒక దొంగ ఉత్తరం వచ్చింది. నా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లవాడు చట్టం దాటమని నాకే రాస్తాడా? కాల్చెయ్యమని కూడా ఉంది. కాల్చకుండా తీసుకెళ్లి, ఎన్నిక జరిపించే షెరీఫ్ రడ్ గారి చేతికిచ్చాను. ఆయన చదివి, నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నారు. తర్వాత కళ్లు తుడుచుకుని, రాసింది తనో కాదో మనవడినే అడగమన్నారు. వెంటనే జవాబు రాయి.

నాయనమ్మ

తా.క. జవాబు షెరీఫ్ గారి ముందే విప్పుతాను.

మే 16

పరమ పూజ్యురాలైన నాయనమ్మ గారికి,

ఆ ఉత్తరం నాది కానే కాదు. ఓటున్న ఏ ఒక్కరికీ నా పేరు మీద చుక్క కూడా పోయించవద్దు. మన షెరీఫ్ గారంతటి ధర్మాత్ముడు ఈ కొండల్లోనే లేడు.

చట్టానికి కట్టుబడిన
ఏంబ్రోస్

తా.క. ఆడవాళ్ల సంగతి నీ ఇష్టం. ఇక నాకు మిగిలింది వాళ్లే.

మే 21

చిరంజీవి ఏంబ్రోస్‌కు దీవెనలు.

గెలిచావు. తేడా ఇరవైతొమ్మిది ఓట్లు.

నిన్న పొద్దున్నే నలభైముగ్గురూ కోర్టు మెట్లకు అటూ ఇటూ బారులు తీరారు. మన దగ్గర ఓటంటే షెరీఫ్ ముందు పేరు పైకి చెప్పడమేనాయె. కల్నల్ తోటలో తాగినవాళ్లు ఆయన పేరు నెమరేసుకుంటూ మెట్లెక్కారు. పైకి చేరి, పెళ్లాం మొహం ఒకసారి చూసి, నీ పేరు చెప్పారు.

నువ్వూ తాగించావని కల్నల్ ఫిర్యాదు చేశాడు. షెరీఫ్ గారు నా పానశాల పద్దు పుస్తకం తెప్పించి, తాగినవారి పేర్లు వరసగా చదివారు. ఒక్క ఓటరూ లేడు. "ఈ అవ్వ కాపలా ఉండగా ఆ అబ్బాయికి తప్పు చేసే వీలెక్కడిది కల్నల్ గారూ? మీ తోట సంగతి మాట్లాడుకుందామా?" అన్నారు. కల్నల్ ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు.

ఆ ఉత్తరం నీదేనని మొదటి వాక్యంలోనే తెలిసింది. కల్నల్ మనుషులకు దొరికేలోపు నేనే ఇవ్వడం మేలనుకున్నాను. దొంగ పని చెప్పిన ఉత్తరాన్ని దొంగ ఉత్తరం అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఆశీస్సులతో
నాయనమ్మ

తా.క. ఓటు చెప్పిన ప్రతివాడికీ పోటీదారు లేచి వంగి దండం పెట్టాలి కదా. నీ బదులు కూర్చుంటానంటే ఆడదాన్నని నన్ను ఒప్పుకోలేదు. పాదిరిగారిని కూర్చోబెట్టాను. ఆయన మగవాళ్లందరికీ పెట్టేశారు. గెలిపించినవాళ్లకు ఇంకా ఎవరూ పెట్టలేదు. వాళ్లంతా శనివారం మన పానశాలలో కూర్చుంటారు. సభలో నువ్వేం మాట్లాడాలో చెబుతారట. దానికి ముందు ఒక్కొక్కరికీ విడివిడిగా వంగాలి. నడుముకు తైలం పట్టించుకుని రా.