కందిరీగ రాసిన ఇరవై మూడు పోస్టులు

తల్లీ,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మా నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉండాలని కోరుకుంటున్నాం. ఆరోగ్యంగా ఉన్నాం గానీ మా మధ్య మాటల్లేవు. రెండు రోజులుగా మీ అమ్మ నాకు చెప్పాల్సినవన్నీ గోడకు చెబుతోంది. "టీ అక్కడ పెట్టాం. తాగేవాళ్లు తాగొచ్చు" అంటుంది. తాగేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి వెళ్లి తాగుతున్నాను. ఆ కోపానికి కారణం కూడా ఈ ఉత్తరంలోనే ఉంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు కాస్త నయం. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి రోజుకు నాలుగుసార్లు మేడెక్కి చూపిస్తోంది. నా కళ్లజోడు మార్చుకున్నాను. వంటింటి కుళాయి నేనే స్వయంగా బాగుచేశాను, ఇప్పుడది రెండు చోట్ల కారుతోంది. పని మానేసి ఆరేళ్లయినా చేతిలో పానా ఉంటే నాకు ప్రాణం లేచొస్తుందని నీకు తెలుసు కదా.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. "సంతకం పెట్టెయ్యమంటావా నాన్నా?" అని అడిగావు. నీ ఉత్తరంలో ఆ పేజీని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మోయదగినదానికంటే ఎక్కువ బరువు తగిలిస్తే నువ్వు నడిపే క్రేన్‌ని తనంతట తానే ఆపేసే పరికరాన్ని, పని త్వరగా సాగాలని, వైరు కలిపి నిద్రపుచ్చారు. నువ్వు సూపర్‌వైజరుకి మూడుసార్లు చెప్పావు. క్రేన్ ఎక్కనన్నావు. నువ్వు కాకపోతే నిన్నగాక మొన్న వచ్చిన ఇంకొకర్ని ఎక్కిస్తామన్నారు. దాంతో నువ్వే ఎక్కావు. పోయిన నెల బరువుకు తాడు తెగి చువ్వల మోపు కింద పడింది. వాకీటాకీలో రోజూ "కొంచెం ఎడమకి చెల్లెమ్మా, ఇంకొంచెం, చాలు" అని చెప్పే సిగ్నల్ అన్న కాలు నుజ్జయింది. ఇప్పుడు ఎంక్వైరీలో చూపించడానికి కంపెనీవాళ్లు కాగితం తెచ్చారు. పరికరం సవ్యంగానే ఉందనీ, ఆయనే నిలబడకూడని చోట నిలబడ్డాడనీ అందులో ఉంది. దాని కింద నీ సంతకం కావాలి. సోమవారం గడువు.

ఆ తర్వాత నువ్వు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. "క్రేన్ ఆపరేటర్ల గ్రూపులో కందిరీగ పేరుతో రాసేది నేనే నాన్నా. నీ కూతురినని తెలిస్తే నీ మొహం చూసి మెచ్చుకుంటారని నీక్కూడా చెప్పలేదు. నాలుగు నెలల్లో ఇరవై మూడు పోస్టులు రాశాను. పదకొండు వేలమందిలో ఒక్కరూ ఔననలేదు, కాదనలేదు. ఎవరో పుణ్యాత్ముడు మాత్రం ప్రతిదానికీ ఒక లైకు కొట్టేవాడు. నువ్వు నడిపే గ్రూపులో నువ్వూ ఏమీ అనలేదు. విసిగి ఆ గ్రూపు చూడడమే మానేశాను. ఇంతమందికి తప్పనిపించనిది నాకొక్కదానికే అనిపిస్తోందంటే, పొరపాటు నాదేనేమో."

పొరపాటు నీది కాదమ్మా.

ఆ గ్రూపు నేను పెట్టింది. పని మానేశాక ఇంట్లో కాలు నిలవక, పాతవాళ్లం పదిమందిమి కబుర్లు చెప్పుకోవడానికి మొదలుపెట్టాం. అది పెరిగి పెద్దదై, నన్ను మోడరేటర్‌ని చేసి కూర్చోబెట్టింది. అందరూ నన్ను తాతయ్యా అంటారు. నియమాలు నేనే రాశాను. బూతులు రాయకూడదు, దొంగ లైసెన్సుల ప్రకటనలు పెట్టకూడదు, ఆడవాళ్లు క్రేనెక్కితే ఏమవుతుందనే పాచి జోకులు వెయ్యకూడదు. అలాంటివి వందల కొద్దీ తీసిపారేశాను, ఈ రోజుకీ వాటి గురించి బాధలేదు. పదిమంది తిరిగే ఇంట్లో ఎవరో ఒకరు చీపురు పట్టాలి. అయితే ఆ చీపురు నా చేతిలో ఎంతకాలం ఉందంటే, నాకు నచ్చనిదల్లా చెత్తలాగే కనిపించడం మొదలైంది.

మోడరేటర్లకు ఒక సదుపాయం ఉంది. సభ్యులకు దాని సంగతి తెలియదు. ఒక మనిషిని గ్రూపు నుంచి గెంటెయ్యక్కర్లేదు, పోస్టు తొలగించక్కర్లేదు. పేరు పక్కన ఒక మీట నొక్కితే చాలు. ఆ మనిషి రాసింది ఆ మనిషికీ, మోడరేటర్‌కీ తప్ప ఇంకెవరికీ కనిపించదు. రాసినవాళ్లు మాత్రం అందరూ చూస్తున్నారనే అనుకుంటారు. గొడవ చేసేవాళ్లు జవాబుల్లేక విసిగి వాళ్లే వెళ్లిపోతారు.

నీ మూడో పోస్టు దగ్గర నీ పేరు పక్కన ఆ మీట నొక్కాను.

నువ్వు రాసిన ఇరవై మూడింటిలో జనం చూసింది మొదటి రెండే. అవి కూడా పరిచయాలూ పలకరింపులూ. వైరు సంగతి ఉన్న ఒక్క మాట కూడా, కంపెనీ మనిషి ఒకడికి తప్ప, ఎవరికీ చేరలేదు. నీ మాట విని ఎవరూ ఊరుకోలేదు తల్లీ, అసలు విననే లేదు. ఆ లైకు కొట్టిన పుణ్యాత్ముణ్ణి నేనే. ఎవరు కొట్టారో కనిపించదు కదా, అంకె ఒక్కటే కనిపిస్తుంది. బొత్తిగా ఏమీ రాకపోతే నీకు అనుమానం వస్తుందని ప్రతిదానికీ ఒకటి కొట్టాను.

కందిరీగ నువ్వేనని నాకు తెలియదని అబద్ధం చెప్పొచ్చు. మొన్న సాయంత్రం మీ అమ్మకు అదే చెప్పబోయాను. కానీ రెండో పోస్టులోనే తెలిసిపోయింది. పొద్దున్నే నిచ్చెన ఎక్కేముందు చేతి తొడుగు తీసి, ఉత్త అరచేయి ఇనుము మీద ఆనించి, అదురు ఎలా ఉందో చూస్తానని రాశావు. అది నీకు నేర్పింది నేనే.

అమ్మకు అంతా చెప్పాను. మూడో పోస్టు పడిన కాసేపటికే అది చూసిన ఆ కంపెనీ మనిషి నాకు ప్రైవేటుగా మెసేజ్ పెట్టాడనీ, ఈ కందిరీగ ఎవరో కూపీ లాగుతామన్నాడనీ, పోస్టులు కనబడకపోతే వదిలేస్తామన్నాడనీ చెప్పాను. "దాని ఉద్యోగం కాపాడదామని చేశాను" అన్నాను. ఆ మెసేజ్ వచ్చిన మాట నిజమే. అమ్మ చేతిలో పని ఆపి నా మొహంలోకి చూసింది.

"ఉద్యోగం పోతుందనే భయమైతే దానికి ఫోన్ చేసి చెప్పొచ్చుగా?"

"చెబితే వింటుందా అది?"

"వినదు. వినకపోతే ఏం చేస్తుంది?"

"ఇంకా గట్టిగా రాస్తుంది."

"రాస్తే నీకేం నష్టం? నిజం చెప్పు. కూతురి కోసం చేశావా, నీ కోసమా?"

నేను పానా తీసుకుని కుళాయి విప్పడం మొదలుపెట్టాను. అప్పట్నుంచే ఆమె గోడతో మాట్లాడుతోంది.

ఆ మూడో పోస్టులో నువ్వు ఒక మాట రాశావు. ఇలా వైరు కలపడం కొత్తగా పుట్టింది కాదు, ముందుతరం ఆపరేటర్లు మొదలుపెట్టి నేర్పి వెళ్లిన పనే అన్నావు. అది చదివి నా మొహం మాడిపోయింది. అదే కంపెనీలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. సూపర్‌వైజరు అడిగితే ఆ వైరు నేనూ కలిపాను తల్లీ. ఒకసారి కాదు. నా తర్వాత వచ్చినవాళ్లకి ఎలా కలపాలో చూపించాను కూడా. నా హయాంలో తాడు తెగలేదు, అదృష్టం. ఒక్క ప్రమాదమూ చెయ్యని ఆపరేటర్ అని వాళ్లిచ్చిన జ్ఞాపిక మన ముందుగదిలో ఉంది. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల కళ్లు దానిమీద పడేదాకా కబుర్లు చెప్పేవాణ్ణి. నువ్వు రాసింది జనంలోకి వెళితే ఎవడో ఒకడు "తాతయ్యా, నువ్వూ కలిపావుగా" అని అడుగుతాడు. దానికి భయపడ్డాను. నీ ఉద్యోగం సంగతి ఆ భయం మీద కప్పుకున్న దుప్పటి. అలాంటి క్రేన్‌లో నా కూతురే కూర్చుంటోందని తెలిసి కూడా, మాకేం కాలేదు దానికేం అవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ పోస్టు ఒక్కటి నలుగురి కంట పడినా ఆ సిగ్నల్ అన్న ఈపాటికి తన కాళ్ల మీద నడుస్తూ ఉండేవాడేమో. ఆ "ఏమో" నన్ను తిననివ్వడం లేదు, కూర్చోనివ్వడం లేదు.

నిన్న పొద్దున ఆ మీట తీసేశాను. ఇరవై మూడు పోస్టులూ అందరికీ కనిపిస్తున్నాయి. నేను చేసింది కూడా ఏదీ దాచకుండా గ్రూపులో రాశాను. సాయంత్రానికి నీకు మూడు వందలకు పైగా జవాబులు వచ్చాయి. నీకంటే ముందు అదే క్రేన్ నడిపిన ఒకతను ఆ వైరు ఫోటో పెట్టాడు, తేదీతో సహా. ఎంక్వైరీకి పిలిస్తే వస్తానన్నాడు. ఇంకో సైట్‌లో పనిచేసే ఆవిడ "నేనొక్కదాన్నే అనుకున్నాను" అని రాసింది. నన్ను తిట్టినవాళ్ల సంఖ్యా తక్కువేం కాదు. బూతులు తిట్టినవాళ్లూ ఉన్నారు. నా నియమాల ప్రకారం అవి తీసెయ్యాలి. ఒక్కటీ ముట్టుకోలేదు. మోడరేటర్ పని వేరేవాళ్లకు అప్పగించేశాను.

ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు నీ నంబరు నొక్కాను. నీ గొంతు వినగానే "కుళాయి బాగుచేశాను" అని చెప్పి పెట్టేశాను. అందుకే ఇది రాసి మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. ఆదివారం మధ్యాహ్నానికి నీ దగ్గరుంటుంది.

దీంతోపాటు ఇంకో కాగితం ఉంది. ఏ సంవత్సరం, ఏ సైట్‌లో, ఎవరు అడిగితే ఆ వైరు కలిపానో అన్నీ రాసి, నా పూర్తి పేరుతో సంతకం పెట్టాను. అది ఎంక్వైరీవాళ్లకు ఇస్తే ఇలా చెయ్యడం ఆ కంపెనీకి పాత అలవాటేనని తేలుతుంది. మీ నాన్న ఎలాంటి ఆపరేటరో కూడా తేలుతుంది.

సోమవారం నువ్వు సంతకం పెట్టాలో వద్దో నేను చెప్పను. నీ బదులు ఒకసారి నిర్ణయం తీసుకున్నాను, దాని ఫలితం ఆసుపత్రి మంచం మీద ఉంది. నా కాగితం కూడా నీ ఇష్టమే. ఇవ్వదలిస్తే ఇవ్వు. నాన్న పరువు పోతుందనిపించి దాచెయ్యాలనిపిస్తే మాత్రం, దాచేముందు ఒక్కసారి ఆ అన్న దగ్గరికి వెళ్లి కాసేపు కూర్చునిరా తల్లీ. నేను చెయ్యని పని అదే.

ఇట్లు,
జవాబు రాయమని అడిగే ముఖం లేని
మీ నాన్న