ఆ ఊరికి అరవై క్యాన్లు

మార్కాపురం, మంగళవారం రాత్రి

ఫోనులో వీడియోలు చూసి ఎంత అమ్మితే నష్టం రాదో తేల్చే బ్రేక్ ఈవెన్ లెక్క నేర్చుకున్నందుకు నన్ను చెప్పుతో కొట్టాలి. డీజిలూ డ్రైవరుగా నా జీతమూ కలిపి చూస్తే, నలభై క్యాన్లు అమ్ముడైతేనే కొనకనమిట్ల అవతలి ఆ ఊరికి నీళ్ల వ్యాను తోలడం గిట్టుతుందని ప్లాంటు ఓనరుకు లెక్కేసి ఇచ్చింది నేనే.

అక్కడి ఫ్లోరైడు బోరునీళ్లు తాగీ తాగీ, మా దగ్గర క్యాన్లు కొనే ముసలి పెద్దమ్మకు మోకాళ్లు వంకరపోయాయి. ఆ కాళ్లతోనే ఇల్లిల్లూ తిరిగి అందరిచేతా కొనిపించి ఈరోజు నలభై క్యాన్లు చేసింది.

"ఇంక బండి ఆపరు గదా నాయనా?" అంది. ఆపరన్నాను.

సాయంత్రం ఓనరు తన కొత్త కారు అప్పుకు నెలనెలా కట్టే కంతు కూడా వ్యాను ఖర్చులో కలిపాడు.

"ఇప్పుడు అరవైరా. కాకుంటే ఆ ఊరు లిస్టులోంచి కొట్టెయ్."

"నీ కారుకూ వాళ్ల నీళ్లకూ ఏంది సంబంధం అన్నా?"

"ఖర్చంటే ఖర్చే. నీ వీడియోలో అట్ల చెప్పలేదా?" అని నవ్వాడు.

దొంగనాయాలు. ఊరంతా కడుపులు పగిలేలా తాగినా అరవై కావు. ఆ సంగతి వాడికీ తెలుసు.

రేపటి నుంచి బండి రాదని పెద్దమ్మకు నన్నే చెప్పమన్నాడు. ఫోను చేశాను.

"నేనే చేద్దామనుకుంటున్నా నాయనా. రేపు రెండు క్యాన్లు ఎక్కువ తీసుకరా, మనవరాలు చంటిబిడ్డనెత్తుకొని వచ్చింది" అంది.

సరే అని పెట్టేశాను.