నీ క్లారినెట్ రీడు

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు కూడా నీ క్లారినెట్ పట్టుకుని గద్వాలలో ఒక పెళ్లికి పోయాను. మా బ్యాండు ఇప్పుడు వాయించడం లేదు నాయినా. సీడీ వేస్తారు, పాట పెద్ద పెద్ద బాక్సుల్లోంచి వస్తుంది. మేం ఎర్రకోట్లు తొడుక్కుని, బుగ్గలు ఉబ్బించి, వేళ్లు ఆడిస్తూ నిలబడతాం. క్లారినెట్ మూతికి బిగించే రీడు బద్ద నోట్లో తడిపితేనే పలుకుతుందని నేర్పావు కదా, ఇప్పుడు ఆ పనీ లేదు.

అప్పగింతల పాట అయిపోగానే, నీ పక్కన ముప్పై ఏళ్లు డోలు కొట్టిన నర్సిములు మామ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆయనకు చూపు సరిగా ఆనడం లేదు.

"అచ్చం మీ నాయిన లెక్కనే ఊదినవ్ బిడ్డా. వాడు ఈడనే ఉన్నట్టుండె," అని ఏడ్చాడు.

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నేను మాత్రం "అంత నీ దయ మామా" అన్నాను.

క్లారినెట్ అడిగి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. పాట అయ్యాక నువ్వు చేసినట్టే రీడు మీది తడి తుడవబోయాడు. వేలు అక్కడే ఆగిపోయింది. రీడు ఎండిపోయి ఉంది.

మామ తన భుజం మీది తువ్వాలు తీసి, లేని తడిని మెల్లగా తుడిచి, క్లారినెట్ నా చేతికిచ్చాడు.